నవంబరు 1: అవతరణ దినం చాటున మరుగుపడిన మరో నవంబరు 1

ఆంధ్రప్రదేశ్ అవతరణ దినంగా నవంబరు 1వ తేదీ అందరికీ పరిచితమే. సరిగ్గా పదేళ్ల తరువాత అదే తేదీన విశాఖపట్నంలో పేలిన తుపాకుల సంగతి మాత్రం ఆ ఉత్సవాల సందడిలో దాదాపు మరుగున పడింది.

మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడిన 11 జిల్లాల ఆంధ్ర రాష్ట్రంతో హైదరాబాదు రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి, 1956 నవంబరు 1న నీలం సంజీవరెడ్డి తొలి ముఖ్యమంత్రిగా ఆంధ్రప్రదేశ్ అవతరించింది. రాష్ట్రాల పునర్విభజనను పరిశీలించిన ఫజల్ అలీ కమిషన్ ఈ కలయికకు తొందరపడవద్దని, 1961 ప్రాంతంలో జరగవలసిన ఎన్నికల తరువాత హైదరాబాదు శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యంతో అంగీకరిస్తేనే విలీనం జరగాలని సూచించినప్పటికీ, తెలంగాణకు ఉద్యోగాల్లోనూ నిధుల్లోనూ రక్షణలు కల్పిస్తామంటూ 1956 ఫిబ్రవరి 20న ఉభయ ప్రాంతాల నాయకులు చేసుకున్న పెద్దమనుషుల ఒప్పందంతో ఆ నిరీక్షణకు తెరపడింది. ఆ రక్షణలు సక్రమంగా అమలు కాలేదన్న ఆవేదనే 1969 నాటి తెలంగాణ ఉద్యమానికి మూలమైంది.

పదేళ్ల తరువాతి నవంబరు 1 నాటికి వివాదం ఉక్కు మీద నడుస్తోంది. దేశంలో నెలకొల్పదలచిన కొత్త ఉక్కు కర్మాగారానికి విశాఖపట్నమే అనువైన చోటని ఆంగ్లో-అమెరికన్ నిపుణుల బృందం 1965లో సిఫారసు చేసినా కేంద్రం నిర్ణయాన్ని వాయిదా వేస్తూ రావడంతో, టి. అమృతరావు 1966 అక్టోబరు 15న విశాఖలో నిరాహార దీక్షకు కూర్చున్నారు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అన్న నినాదం ఊరూరా మారుమోగింది. రాష్ట్రం పుట్టినరోజైన నవంబరు 1న విశాఖలో ఆందోళనకారులపై పోలీసులు కాల్పులు జరిపారు. రాష్ట్రవ్యాప్తంగా ఆ ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారని చరిత్రకారులు నమోదు చేశారు. తమ రాష్ట్రానికి ఒక కర్మాగారం కావాలని అడిగినందుకు ప్రజలు ఇంతటి మూల్యం చెల్లించవలసి రావడం, ఏ పరిపాలనా కారణంతోనూ సమర్థించరాని విషాదం. కర్మాగార నిర్ణయాన్ని ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించడానికి 1970 ఏప్రిల్ దాకా పట్టగా, 1971 జనవరి 20న ఆమె చేతుల మీదుగానే శంకుస్థాపన జరిగింది.

2014 జూన్ 2న తెలంగాణ వేరుపడిన తరువాత కొన్నేళ్లు ఆగిపోయిన అవతరణోత్సవం 2019లో మళ్లీ నవంబరు 1న జరిగింది. ఈ తేదీన పొట్టి శ్రీరాములును స్మరించడం ఆనవాయితీ. ఆయన 58 రోజుల దీక్షకు, ఆత్మార్పణకు ఫలంగా దక్కినది నిజానికి 1953 నాటి ఆంధ్ర రాష్ట్రమే అయినా, ఆ స్మరణ ఎంతో ఉచితమైనది. దాని పక్కనే 1966 నవంబరు 1న విశాఖలో నేలకొరిగిన వారికీ చోటు దక్కాలి.