పెనుకొండ సీమ గాజుపూసలు: తయారీదారుల గుర్తింపు

1565 నాటి రాక్షసి తంగడి యుద్ధానంతరం విజయనగర రాజధాని పెనుకొండకు తరలింది. ఈ మార్పును నమోదు చేసిన విదేశీయులలో వెనీసు వర్తకుడు చేజారే ఫెడెరీచి ఒకడు. 1567లో విజయనగరంలో ఏడు నెలలు గడిపిన అతడు, రాజు ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలోని పెనుకొండ దుర్గానికి వెళ్లినట్లు రాశాడు. ఈ సంబంధాన్ని బట్టి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల పాత గాజుపూసలను వెనీసువిగా భావించే అవకాశముంది. అయితే గోవా నుండి విజయనగరానికి చేరే సరుకులుగా ఫెడెరీచి పేర్కొన్నవి అరబ్బు గుర్రాలు, మఖమలు, పట్టు వస్త్రాలు, చీనా వస్తువులు, కుంకుమపువ్వు, ఎర్రని ఉన్ని బట్టలు. వీటిలో గాజుపూసలు లేవు. పూసలు రాలేదనడానికి ఇది రుజువు కాదు. వచ్చాయనడానికీ ఆధారం కాజాలదు. కనుక సాక్ష్యాన్ని పూసలోనే వెదకాలి.

మొదట చూడవలసింది తయారీ విధానం. తీగపై కరిగిన గాజును చుట్టి చేసిన పూసలో గాలిబుడగలు, చారలు రంధ్రం చుట్టూ తిరుగుతాయి. గొట్టంగా సాగదీసి ముక్కలుగా కోసిన పూసలో అవి రంధ్రానికి సమాంతరంగా సాగుతాయి. ఈ రెండవ విధానం వెనీసుకే పరిమితం కాదు. వెనీసులో గాలి ఊదిన గాజుముద్దను ఇద్దరు పనివారు ఎదురుదిశల్లో పరుగెత్తుతూ సాగదీసేవారు. చిత్తూరు సీమలోని పాపానాయుడుపేటలో కొలిమిలోని గాజుముద్ద నుండి గొట్టాన్ని చేతితో ఎడతెగకుండా లాగేవారు. ఈ పద్ధతిని పరిశీలించిన పీటర్ ఫ్రాన్సిస్ దానిని అరికమేడు నాటి సంప్రదాయంతో ముడిపెట్టాడు.

ఆకారం తేల్చలేని చోట రసాయన విశ్లేషణ తోడ్పడుతుంది. దక్షిణ భారతపు ప్రాచీన గాజులో తరచుగా అల్యూమినా అధికం. మొక్కల బూడిదతోను, శుభ్రమైన నదీ గులకరాళ్లతోను చేసిన పూర్వపు వెనీసు గాజులో అది తక్కువ.

19వ శతాబ్ది నమూనా అట్టలు మరొక ఆధారం. లండన్ వర్తకుడు లెవిన్ అట్టలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. కాని అట్టపై ఉన్న పేరు అమ్మకందారుది. పూస చేసినవారిది కాదు. అటువంటి పూసలు బొహీమియాలోనూ తయారయ్యాయి. అందువల్ల అట్టతో పోలిక పూస కాలాన్ని, వ్యాపార మార్గాన్ని సూచించగలదే గాని కర్తను నిర్ధారించలేదు.

పరీక్షించకుండా ప్రతి పాత పూసకూ వెనీసు పేరు పెడితే నష్టపోయేది తెలుగు కొలిమిపనివారి చరిత్రే. శాసనాలలో, పట్టికలలో పేర్లు లేని ఆ పనివారి ఉనికికి పూసలోని చార, బుడగ, గాజు మిశ్రమమే మిగిలిన సంతకాలు.