రెంబ్రాంట్ ‘నైట్ వాచ్’ పుట్టుపూర్వోత్తరాలు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియంలో ‘నైట్ వాచ్’ పేరిట ప్రసిద్ధమైన రెంబ్రాంట్ చిత్రం 1642లో పూర్తయ్యేనాటికి దానికి ఆ పేరు లేదు, అందులో రాత్రీ లేదు. స్తోమతు గల పౌరులు దళాలుగా ఏర్పడి నగర రక్షణ వహించే పద్ధతి డచ్చి పట్టణాలలో ఉండేది. ఆ దళాలవారు తమ సమావేశ మందిరాలలో పెట్టుకోవడానికి అందరి రూపాలనూ ఒకే చిత్రంలో వేయించుకొనేవారు. సమూహ రూపచిత్రమనే ఈ ప్రక్రియ ఆమ్‌స్టర్‌డామ్‌లో 1529 నాటికే కనిపిస్తుంది. సొమ్ము చెల్లించిన ప్రతివాని ముఖమూ పోల్చుకొనేటట్లు ఉండాలి కనుక తొలినాటి చిత్రకారులు మనుషులను వరుసలు తీర్చి నిలిపారు; హార్లెమ్ నగరంలో ఫ్రాన్స్ హాల్స్ వారిని విందుబల్ల చుట్టూ చేర్చి ఆ బిగువును చాలావరకు సడలించాడు.

కెప్టెన్ ఫ్రాన్స్ బానింక్ కాక్ దళం కోసం పనికి పూనుకొన్న రెంబ్రాంట్ ఇంకా ముందుకు వెళ్లి, దళం కదలబోయే క్షణాన్నే చిత్రానికి వస్తువుగా తీసుకొన్నాడు. కెప్టెన్ చేయి చాచి ఆజ్ఞ ఇస్తుండగా, ఒకడు తుపాకి దట్టిస్తున్నాడు, ఒకడు పేలుస్తున్నాడు, మరొకడు మిగిలిన మందును ఊదివేస్తున్నాడు. వారి నడుమ వెలుగులో నిలిచిన బాలిక నడుముకు వేలాడుతున్న కోడి గోళ్లు ఆ దళం చిహ్నం. చిత్రంలో దక్కిన స్థానాన్ని బట్టి హెచ్చుతగ్గులున్నా, ఒక్కొక్కరు సుమారు 100 గిల్డర్లు, అంటే నాటి డచ్చి నాణేలు, చెల్లించారని 1659 నాటి వాంగ్మూలం తెలుపుతుంది. డబ్బిచ్చినవారిలో కొందరి ముఖాలు సగం మరుగునపడినా ఈ సాహసం వల్లనే రూపచిత్రం కథాచిత్రమైంది.

ఈ కూర్పునకు అసలు దెబ్బ 1715లో తగిలింది. చిత్రాన్ని నగర సభాభవనానికి తరలించినప్పుడు, అక్కడి గోడకు సరిపోవడం లేదని నాలుగు వైపులా కత్తిరించారు. ఎడమవైపు సుమారు 60 సెంటీమీటర్ల మేర పోగా ఇద్దరు దళసభ్యులు చిత్రం నుంచే మాయమయ్యారు. గోడ కోసం బొమ్మను కోయడం ఎంతటి అవివేకమో చెప్పనక్కరలేదు. రక్షణకోసం పూసిన వార్నిష్, అంటే పారదర్శకమైన పైపూత, ధూళితో కలిసి నల్లబడటంతో 18వ శతాబ్ది చివరికి ఇది రాత్రి దృశ్యమనే భావన స్థిరపడి నేటి పేరు వచ్చింది. రెండవ ప్రపంచయుద్ధానంతరం శుభ్రపరచినప్పుడు పగటి వెలుగు తిరిగి స్పష్టపడింది. కెప్టెన్ చేతి నీడ అతని పక్కనున్న లెఫ్టినెంటు పసుపుపచ్చ దుస్తుల మీద పడటమే అందుకు తిరుగులేని సాక్ష్యం.

కత్తిరింపునకు ముందే గెరిట్ లుండెన్స్ అనే చిత్రకారుడు వేసిన చిన్న ప్రతి మిగిలి ఉండటం అదృష్టం. దాని ఆధారంగా 2021లో కృత్రిమ మేధతో పోయిన భాగాలను రూపొందించి, కొంతకాలం అసలు చిత్రం చుట్టూ అమర్చారు. అప్పుడు కెప్టెన్, లెఫ్టినెంటు నడిమధ్య నుంచి కుడివైపునకు జరిగి, ఎడమవైపు ఏర్పడిన ఖాళీలోకి దళం నడవబోతున్నట్లు కనిపించింది.