కట్టెల వ్యాపారము: గొడ్డలినుండి యంత్రమువఱకు



లోకమున నిత్యావసరములైన వస్తువులలో వంటచెఱకొకటి. రాజుల చరిత్రములు వ్రాసినవారు దీనిని లెక్కింపలేదు. అయినను పొయ్యిలో నిప్పులేనిదే రాజునకును కూడు లేదు. మన సంఘీయులలో కట్టెల అడితులు నడపువారు కొందఱిప్పుడు “దుంగలను కోసి చీల్చు యంత్రమును కొందుమా, మానుదుమా” యని తర్కించుచున్నారు. ఈ ప్రశ్నకు సమాధానము అమ్మువాని ధరలపట్టికలోకంటె ఆ యంత్రముయొక్క పూర్వచరిత్రయందే స్పష్టముగా కానవచ్చునని మా యభిప్రాయము.

పూర్వకాలమున అడితికి కావలసిన సాధనములు గొడ్డలి, రంపము, ఇనుపచీల, సమ్మెట, త్రాసు: ఇంతియే. కట్టె బారువల లెక్కను అమ్ముడుపోయెడిది. బారువ యనగా 20 మణుగులు, ఇంచుమించు 500 పౌనులు. కట్టె చీల్చుట మోటుపనియని తలంచువారు పొరపడుచున్నారు. నేర్పరియైనవాడు దుంగకొనయందలి పగుళ్లను చూచి, కణుపును తప్పించి, ఎచ్చట వ్రేటు పడవలయునో నిర్ణయించును. ఆ చూపు లేనివాడు రెట్టింపు శ్రమపడి సగము పనిచేయును.

ఈ వ్యాపారమున మొదటి పెనుమార్పు ధూమశకటమువలన కలిగినది. 1856-వ సంవత్సరము జూలై 1-వ తేదీన రాయపురమునుండి వాలాజారోడ్డువఱకు చెన్నపురి రైలు నడువ నారంభించెను. ఆ సంవత్సరమందే క్లెగ్‌హార్ను దొర చెన్నపురి రాజధానికి అటవీసంరక్షకుడుగా నియమింపబడెను. నాటి యింజనులు కట్టెలను మ్రింగినవి. దారిప్రక్కల అడవులు వెనుకకు తగ్గినవి. 1882లో అటవీచట్టము వచ్చినది. ఇంతకుమున్నే వంటచెఱకుకొఱకు క్రొత్త చెట్లను పెంచు యత్నము సాగెను. సముద్రతీరపు టిసుకనేలలలో సరుగుడుతోటలు లేచినవి. నేడు మన పల్లెల నావరించియున్న సర్కారు తుమ్మకు మన దేశమున తొలినాటిన చోటులలో కడపజిల్లా కమలాపురము ముఖ్యము. అది 1878-వ సంవత్సరపు మాట. యంత్రమునకు ఆకలి కలుగుట తడవు, చెట్టు పెరుగుటకు మాత్రము ఏండ్లు పట్టునని ఆ కాలము మనకు నేర్పినది.

ఇక కోతయంత్రముల సంగతి. 1777లో సౌథాంప్టను నివాసియైన సామ్యూలు మిల్లరునకు, గుండ్రని రంపము నుపయోగించు యంత్రమునకై ఇంగ్లండున హక్కుపత్రము లభించినది. 1795లో జోసెఫు బ్రామా జలపీడనయంత్రమునకు హక్కు పొందెను. 1926లో జర్మనీయందు ఆండ్రియాసు స్టీలు విద్యుచ్ఛక్తితో నడచు గొలుసురంపమునకు హక్కు పొందెను. పిమ్మట అమెరికాలో జోసెఫు కాక్సు అను కొయ్యకోతగాడు, దుంగను తొలుచు పురుగు ఇరుప్రక్కలకు కొఱుకుచు ముందునకు సాగుట గమనించి, ఆ తీరుననే పండ్లమర్చిన గొలుసును 1947లో అమ్మకమునకు తెచ్చెను. ఈ సాధనములు నొక చట్రమున కూర్చగా నేటి యంత్రము పుట్టినది.

దాని నడక యెట్టిదనగా: దుంగ గొలుసుపట్టెపై ముందునకు జరిగి, అడ్డుపలకను తాకి నిలుచును, ఆ పలక యెంత దూరముననుండిన తునుక అంత పొడవు. రంపము దిగి కోయును. తునుక తొట్టిలో బడగానే నూనెపీడనముచే కదలు ముషలము దానిని నాలుగలుగుల కత్తిమీదికి నెట్టును. చీలిన పుల్లలు పట్టెపై సాగి బండిలో పడును. బలమును లెక్కించుట సులభమే. 4 అంగుళముల అడ్డుకొలతగల సిలిండరునకు వైశాల్యము సుమారు 12½ చదరపు అంగుళములు. అంగుళమునకు 2,500 పౌనుల ఒత్తిడియున్న, మొత్తము 31,000 పౌనులకు మించును. అనగా 14 టన్నుల త్రోపు. సమ్మెట యేపాటిది!

అయినను ఇచ్చటనే విమర్శింపవలసిన విషయమున్నది. ఈ యంత్రములను విశేషముగా చేయు దేశములలో ఫిన్లండు ఒకటి. పాలాక్సు, హక్కీ పిల్కె యనునవి అచ్చటివే. ఆ దేశమున బూర్జచెట్టు నిటారుగా పెరుగును. దీర్ఘమైన శీతకాలమునకై ప్రజలు కట్టెలను ముందుగా కూర్చుకొందురు. పచ్చికట్టె బరువులో ఇంచుమించు సగము నీరే. మంచి వంటచెఱకునందు తేమ నూటికి 20 పాళ్లకు లోబడియుండవలయును. బెరడు తేమను పోనీయదు గనుక చీల్చుట అచ్చట తప్పనిసరి. మన సర్కారు తుమ్మ వంకరటింకర. తొట్టిలో అడ్డముపడి పని నిలుపును. సరుగుడుబాదు చక్కనిదేకాని సన్ననిది. కోసిన చాలును, చీల్చ నక్కఱయే లేదు. లావైన మామిడి, చింత దుంగలు విరివిగా దొరకువారికే పూర్తి యంత్రమువలన ప్రయోజనము.

రెండవది వడ్డి. గంటకు 2 టన్నులు చీల్చు యంత్రమును కొని, దినమునకు 2 టన్నులే అమ్మువాని పని గంటలో ముగియును. మిగిలిన యేడుగంటలు యంత్రమూరకుండును. వడ్డి మాత్ర మూరకుండదు. గొలుసు పదునుపెట్టుట, నూనె మార్చుట, ఇంధనము, అరుగుదల, వీనినెల్ల కూడి బారువకెంత పడునో తేల్చినపిదపనే బయానా ఇయ్యవలయును. మఱియు రంపపుమిల్లులకు 1969నుండియే నియమములున్నవి. అటవీశాఖవారి యనుమతిని గూర్చి ముందుగా విచారించుట వివేకము.

మూడవది బేరము. 1999లో దీపం పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చి పేదల యిండ్లకు వంటవాయువును చేర్చినవి. ఇంటిపొయ్యి నమ్ముకొన్న అడితి క్షీణించినది. నిలిచిన బేరము భోజనశాలలు, పెండ్లివంటలు, ఇటుకబట్టీలు, పొగాకు బ్యారనులు, శ్మశానవాటికలు. వీరిలో ఎవ్వరెంత కొందురో వ్రాసిపెట్టుకొననివాడు యంత్రము కొనుట చీకటిలో బాణము వేయుట.

కాబట్టి మా సలహా యిది. ఒక్కొక్కరు అప్పుచేసి కొనవలదు. సమీపగ్రామముల అడితులవారు నలుగురైదుగురు కలసి, తొలుత ఒక గొలుసురంపమును, ఒక చీల్చుయంత్రమును ఉమ్మడిగా కొని, వంతులు నిర్ణయించుకొని, ఒక సంవత్సరము లెక్కలు వ్రాయవలయును. ఆ లెక్కలు ఒప్పినచో పూర్తి యంత్రమునకు పోవచ్చును. రెండుచేతులతో రెండుపిడులు పట్టిననే గాని కత్తి కదలని యమరికగలదానినే యెన్నవలెను. వ్రేళ్లు పోయినవానికి లాభమేమి?

అంతకంటె ముఖ్యమైన దొకటి. ఇంతకాలము గొడ్డలిపట్టి మన అడితులను నిలిపినవారు మనవారే. దుంగనుచూడగానే దాని గుణమెఱిగిన ఆ కన్ను యంత్రమునకు లేదు. వారిని బయటికి పంపి క్రొత్తవారిని పిలుచుట కృతఘ్నత మాత్రమేకాదు, నష్టముకూడ. వారికే యంత్రము నడుపుట నేర్పి, ఉమ్మడియందొక భాగమిచ్చినచో యంత్రము చిరకాలము మన్నును.

పోషకమహాశయులు విరాళములతోపాటు ఇట్టి ఉమ్మడిప్రయత్నములకు స్వల్పవడ్డీపై పెట్టుబడి నొసగుటను గూర్చి యీ మహాసభయందే యోచింతురుగాక! ఒకచెట్టు కొట్టినవాడు రెండుచెట్లు నాటవలెనను నియమమునుకూడ ఆ ఒడంబడికలో చేర్తురుగాక! చెట్టున్ననే కట్టె, కట్టెయున్ననే యంత్రము.