తెనాలి ‘టు’ రేపల్లె: ఒక చిన్న మాట కథ

‘తెనాలి టు రేపల్లె టికెట్ ఎంత?’, ‘ఆఫీసు పది టు ఐదు.’ బాపట్ల వైపు ఇంగ్లీషు బడి మొహం చూడనివాళ్లకు కూడా ‘టు’ నోటికొచ్చిన మాటే. మన ‘నుంచి’, ‘కి’ రెండూ కలిసి చేసే పనిని అదొక్కటే చేసిపెడుతుంది. ఈ మాట వయసు వెయ్యేళ్లకు పైనే.

పాత ఇంగ్లీషులో దీని రూపం ‘టో’. జర్మన్ ‘త్సు’ దీనికి తోబుట్టువు. ఆ రోజుల్లో దీనికి ఇంత పని లేదు. అప్పటి ఇంగ్లీషుకు మనకున్నట్టే విభక్తులుండేవి. ‘రాజుకి ఇచ్చాడు’ అనాలంటే ‘రాజు’ అనే మాట చివర మారితే చాలు. ‘నాకు ఆకలేసింది’, ‘నాకు అనిపిస్తోంది’ అని వాళ్లూ మనలాగే అనేవాళ్లు. షేక్‌స్పియర్ నాటకాల్లోని ‘మీథింక్స్’ ఆ పద్ధతికి మిగిలిన ఆనవాలు.

కాలక్రమాన మాటల చివరి అచ్చులు బలహీనపడ్డాయి, విభక్తులు రాలిపోయాయి. ఎవరు ఎవరికిచ్చారో తెలిపే బాధ్యతలో పెద్ద వాటా ‘టు’ మీద పడింది.

క్రియల ముందుకు అది వచ్చిన తీరు ఇంకా ముచ్చటైనది. పాత ఇంగ్లీషు ‘టో ఎటన్నె’లో క్రియానామం ఉంది, దానికి విభక్తి ఉంది, ముందు ‘టో’ ఉంది. అర్థం ‘తినడానికి’. ఆ విభక్తి అరిగిపోయి ‘టు ఈట్’ మిగిలింది. మన ‘తినడానికి’లోనూ ఉన్నది క్రియానామమూ ‘కి’యే. చుట్టరికం లేని రెండు భాషలు ఒకే దారి తొక్కాయి.

మన ‘కి’, ‘కు’ ద్రావిడ మూలభాష నుంచి వచ్చినవి. తమిళ ‘క్కు’, కన్నడ ‘గె’, ‘కె’ వాటి బంధువులు. ఈ భాషలది సంస్కృతానికి వేరైన కుటుంబమని 1816లో మద్రాసులో ఎల్లిస్ అనే ఆంగ్లేయ అధికారి చూపాడు. 1856లో కాల్డ్వెల్ అనే మిషనరీ వాటి వ్యాకరణాలను పోల్చి పుస్తకమే రాశాడు.

‘ఇంటికి వెళ్తున్నా’ అనడానికి మన పిల్లలు ‘గోయింగ్ టు హోమ్’ అని రాస్తారు. అది తెలివితక్కువతనం కాదు, తెలుగు నేర్పిన తర్కం. ‘హోమ్’ మాత్రం విభక్తులున్న కాలం నుంచే ‘ఇంటికి’ అనే అర్థాన్ని తనలోనే మోసుకొస్తోంది, అందుకే అక్కడ దానికి ‘టు’ అక్కర్లేదు. ఎర్రసిరాతో కొట్టేసే ముందు టీచర్లు ఈ సంగతి చెబితే, పిల్లలకు ఆ నియమం బట్టీ పట్టాల్సిన పని ఉండదు.