ఫ్లైట్ డిస్పాచర్ ఉద్యోగం – చరిత్ర, కొంత స్వానుభవం

మన దేశ విమానయాన చరిత్రలో 1932 అక్టోబర్ నెలను రెండు కారణాలుగా గుర్తుంచుకోవాలి. అక్టోబర్ 8న భారత వాయుసేన ఏర్పడింది. సరిగ్గా వారం తిరిగేసరికి, అక్టోబర్ 15న, జె.ఆర్.డి. టాటా గారు కరాచీలో చిన్న పస్ మాత్ విమానం ఎక్కి, టపా సంచులతో అహ్మదాబాద్ మీదుగా బొంబాయి చేరారు. అక్కణ్ణుంచి ఆ టపాను నెవిల్ వింట్‌సెంట్ గారు బళ్ళారి మీదుగా మద్రాసుకి చేర్చారు. అంటే సైనిక విమానయానం, పౌర విమానయానం ఈ గడ్డ మీద వారం తేడాతో పుట్టిన అన్నదమ్ములు. నాలాగా యూనిఫాం విప్పి ఎయిర్‌పోర్టులో చేరిన వాళ్ళమంతా పెద్దన్న ఇంట్లోంచి చిన్నన్న ఇంట్లోకి వెళ్ళినవాళ్ళమే.

ఆ తొలి ప్రయాణంలో విమానంలో రేడియో లేదు. అహ్మదాబాద్‌లో పెట్రోలు డబ్బాలు ఎద్దుబండి మీద వచ్చాయని చెబుతారు. ఎంత పెట్రోలు పోయాలి, ఎంత బరువు ఎక్కించాలి, దారిలో మబ్బులు కమ్మితే ఎక్కడ దిగాలి – అన్నీ ఆలోచించుకోవలసింది పైలట్ ఒక్కడే. ఈ లెక్కలన్నీ పైలట్‌తో పాటు నేల మీద కూర్చుని చూసుకునే ఇంకో మనిషి కావాలని ప్రపంచానికి తెలిసిరావడానికి కొన్ని ప్రాణాలు పోవలసి వచ్చింది. ఆ ఇంకో మనిషే ఫ్లైట్ డిస్పాచర్.

ఈ మధ్య మన సంఘం సమావేశాల్లో డిశ్చార్జ్‌కి దగ్గరపడ్డ తమ్ముళ్ళు, సభ్యుల పిల్లలు కొందరు "అన్నా, డిస్పాచర్ కోర్సు చేస్తే ఉద్యోగం గ్యారంటీ అట కదా, ఫీజు కట్టేయమంటారా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా, ఈ వృత్తి ఎలా పుట్టింది, మన దేశంలో ఎలా నడిచింది, నాకు మొదటి ఉద్యోగం ఎలా దొరికింది అన్నది సంచికలో రాస్తే పదిమందికీ పనికొస్తుందని ఈ ప్రయత్నం.

వృత్తి పుట్టుక

1935 మే 6న అమెరికాలో టి.డబ్ల్యు.ఎ. సంస్థ డి.సి.-2 విమానం ఒకటి మిస్సోరీ రాష్ట్రంలో కూలిపోయింది. రేడియో సరిగ్గా పనిచేయలేదు. దిగవలసిన కాన్సాస్ సిటీలో మబ్బు బాగా కిందికి దిగిపోయింది. ట్యాంకులో ఇంధనం తరిగిపోతోంది. చనిపోయినవారిలో బ్రాన్సన్ కటింగ్ అనే సెనేటర్ ఉండడంతో సెనేట్ కమిటీ విచారణ జరిగింది. వాతావరణం పాడైందని తెలిసి కూడా విమానాన్ని వెళ్ళనివ్వాలా వద్దా అన్నది ఎవరి బాధ్యత అనే ప్రశ్న పైకొచ్చింది. ఆ విచారణ, అప్పటి మరికొన్ని ప్రమాదాలు కలిసి 1938లో సివిల్ ఏరోనాటిక్స్ చట్టానికి దారి తీశాయి. డిస్పాచర్‌కి కూడా ప్రభుత్వమే పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి అక్కడ అలా స్థిరపడింది. నేటికీ అమెరికా ఎయిర్‌లైన్స్‌లో విమానం బయల్దేరాలంటే కెప్టెన్, డిస్పాచర్ ఇద్దరూ ఒప్పుకోవాలి. చట్టం ముందు ఇద్దరిదీ ఉమ్మడి బాధ్యత. అక్కడ సర్టిఫికెట్‌కి 23 ఏళ్ళు నిండాలి. 1944 చికాగో ఒప్పందం తర్వాత వచ్చిన అంతర్జాతీయ నియమాల్లో ఈ వృత్తికి కనీస వయసు 21.

ఈ ఉద్యోగి విలువ రెండు సంఘటనల్లో బాగా కనిపిస్తుంది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వెళ్తున్న ఏవియాంకా 52 విమానం దిగడానికి గాలిలో తిరిగి తిరిగి, ఇంధనం పూర్తిగా అయిపోయి కూలింది. 73 మంది పోయారు. ప్రయాణంలో సిబ్బంది తమ సంస్థ డిస్పాచ్ సాయం తీసుకోకపోవడం కూడా ఒక కారణమని దర్యాప్తు సంస్థ రాసింది. రెండవది 2001 సెప్టెంబర్ 11. ఆ ఉదయం యునైటెడ్ ఎయిర్‌లైన్స్ డిస్పాచర్ ఎడ్ బాలింజర్ తన చేతి కింద ఎగురుతున్న విమానాలకు, కాక్‌పిట్‌లోకి ఎవరూ చొరబడకుండా జాగ్రత్తపడమని వరుసగా సందేశాలు పంపించాడు. అందులో ఒకటి 93వ నంబరు విమానానికి హైజాక్ జరగడానికి కొద్ది నిమిషాల ముందే చేరింది. ఆ విమానాన్ని కాపాడలేకపోయినా, ఆపదలో పైలట్‌తో మాట్లాడగలిగిన మనిషి నేల మీద ఒకడున్నాడని లోకానికి తెలిసింది.

మన దేశంలో

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటా విమానాలు మన దేశంలో చవగ్గా దొరికాయి. దాంతో చాలా కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటిలో మన తెలుగువాళ్ళు చెప్పుకోవలసింది 1945లో ఏర్పడిన డెక్కన్ ఎయిర్‌వేస్. బేగంపేట దాని సొంత ఇల్లు. 1949 జనవరిలో రాత్రి టపా విమానాలు మొదలయ్యాయి. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి బయల్దేరిన విమానాలు అర్ధరాత్రి నాగపూర్‌లో కలుసుకుని, సంచులు మార్చుకుని, తెల్లారేసరికి తిరిగి వెళ్ళేవి. ఒక విమానం ఆలస్యమైతే దాని టపా కోసం మిగతావి కాచుకోవలసిందే. నేల మీద కూర్చుని లెక్క చూసేవాడి అవసరం ఎంతో ఆ ఏర్పాటు చూస్తేనే తెలుస్తుంది.

1953 ఆగస్టు 1న డెక్కన్ ఎయిర్‌వేస్‌తో సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అయ్యాయి. ఆ తర్వాత దాదాపు నలభై ఏళ్ళు డిస్పాచ్ ఉద్యోగం అంటే ప్రభుత్వ సంస్థల్లో ఉద్యోగమే. ఖాళీలు తక్కువ. 1990ల మొదట్లో ఈస్ట్ వెస్ట్, జెట్, సహారా, దమానియా, మోదీలుఫ్ట్ వచ్చాక తలుపు కొంచెం తెరుచుకుంది. 1994లో పాత చట్టం రద్దయింది. 2003లో ఎయిర్ డెక్కన్, 2005లో స్పైస్‌జెట్, కింగ్‌ఫిషర్, గోఎయిర్, 2006లో ఇండిగో వచ్చేసరికి ఆ తలుపు బార్లా తెరుచుకుంది. నా అదృష్టం, నేను బయటికి వచ్చింది సరిగ్గా ఆ కాలంలోనే.

నా మొదటి ఉద్యోగం

వాయుసేనలో మెట్ అసిస్టెంట్‌గా 20 ఏళ్ళు పనిచేసి 2004లో సార్జెంట్‌గా డిశ్చార్జ్ అయ్యాను. అప్పటికి నాకు 39 ఏళ్ళు. ఇద్దరు పిల్లలు హైస్కూల్లో ఉన్నారు. పెన్షన్ ఒక్కదాంతో హైదరాబాద్‌లో ఇల్లు గడవదు. బ్యాంకు సెక్యూరిటీ గార్డు ఉద్యోగాలైతే వెంటనే దొరికేవి. మా ఆవిడ మాత్రం "ఇరవై ఏళ్ళు ఆకాశం చూశారు, ఇప్పుడు గేటు చూస్తానంటారేమిటి?" అంది.

నాతో పాటే డిశ్చార్జ్ అయిన బ్యాచ్‌మేట్ ఒకాయన డిస్పాచర్ కోర్సు పేరుతో నడిచే ఒక ప్రైవేటు శిక్షణ సంస్థకి తన గ్రాట్యుటీలో పెద్ద భాగం కట్టేశాడు. మూడు నెలల తర్వాత బంగారు ముద్ర వేసిన సర్టిఫికెట్ చేతికిచ్చి, "ఇక ఏ ఎయిర్‌లైన్‌కైనా వెళ్ళండి" అన్నారట. ఆయన దాన్ని పట్టుకుని నాలుగు ఆఫీసులు తిరిగాడు. అందరూ చెప్పింది ఒకటే: "ఇది మీ ఇన్‌స్టిట్యూట్ సర్టిఫికెట్. డి.జి.సి.ఎ. అప్రూవల్ కావాలంటే మేము మిమ్మల్ని ఉద్యోగంలో పెట్టుకుని, మా విమానం మీద ట్రైనింగ్ ఇచ్చి, మేమే పంపించాలి." ఇక్కడే ఉంది కిటుకు. పైలట్ లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది, ఏ కంపెనీకైనా పట్టుకెళ్ళవచ్చు. మన దేశంలో డిస్పాచర్ అప్రూవల్ ఎయిర్‌లైన్‌తోనూ, విమానం రకంతోనూ ముడిపడి ఉంటుంది. అంటే ముందు ఉద్యోగం, తర్వాతే అప్రూవల్. ఆ సంగతి ఫీజు కట్టించుకునేటప్పుడు ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఆయన కథ విన్నాక నేను తలుపు కాకుండా కిటికీ వెతుక్కున్నాను. బేగంపేట ఎయిర్‌పోర్టులో ఒక గ్రౌండ్ హ్యాండ్లింగ్ కంపెనీలో లోడ్ అండ్ ట్రిమ్ పనిలో చేరాను. నెలకు 6,000 రూపాయలు. ప్రయాణికులు ఎంతమంది, సామాను ఎంత, దాన్ని ముందు హోల్డ్‌లో వేయాలా వెనక వేయాలా, విమానం బరువు మధ్యబిందువు హద్దుల్లో ఉందా అన్నది లెక్కకట్టి ట్రిమ్ షీటు తయారుచేసి కెప్టెన్ చేత సంతకం పెట్టించుకోవాలి. రోజుకి నాలుగైదు సార్లు కాక్‌పిట్ దాకా వెళ్ళే పని అది. డిస్పాచ్ వాళ్ళు, ఇంజనీర్లు, కెప్టెన్లు అందరూ నన్ను పేరు పెట్టి పిలిచే స్థితి ఆరు నెలల్లో వచ్చింది. ఒక కొత్త ఎయిర్‌లైన్ డిస్పాచ్ ట్రైనీల కోసం చూస్తోందన్న కబురు నాకు పేపరు ప్రకటన కన్నా ముందే వారి నోటనే తెలిసింది.

ఇంటర్వ్యూలో పెద్దాయన ఒక కాగితం నా ముందు పెట్టారు. ముంబై టాఫ్, అంటే రాబోయే గంటల వాతావరణ అంచనా, కోడ్ భాషలో. "చదవండి" అన్నారు. ఇరవై ఏళ్ళు నేను రాసిన భాషే అది. గాలి, విజిబిలిటీ, మబ్బు ఎత్తు, ఏ గంట నుంచి ఏ గంటకి ఉరుములతో వాన – తెలుగు పేపరు చదివినట్టు చదివేశాను. ఆయన నవ్వి, "సరే, మీకన్నా పదిహేనేళ్ళు చిన్నవాడు మీకు సీనియర్ అవుతాడు. ఫరవాలేదా?" అని అడిగారు. "సార్, నిన్న కమిషన్ అయిన ఫ్లయింగ్ ఆఫీసర్‌కి ఇరవై ఏళ్ళ సార్జెంట్ సెల్యూట్ కొడతాడు. నాకు అలవాటే" అన్నాను. ఉద్యోగం ఆ మాటకి వచ్చిందో, టాఫ్‌కి వచ్చిందో ఆయనే చెప్పాలి.

తర్వాత క్లాసులు: వాతావరణం, నావిగేషన్, నియమాలు, విమానం పెర్‌ఫార్మెన్స్, బరువు లెక్కలు. డి.జి.సి.ఎ. పరీక్ష. కాక్‌పిట్‌లో వెనక సీటులో కూర్చుని పరిశీలన ప్రయాణాలు. సీనియర్ పక్కన కూర్చుని డ్యూటీలు. చివర ఓరల్ చెక్. 2005 ఆగస్టులో అప్రూవల్ చేతికొచ్చింది.

సరిగ్గా నెల తిరగకముందే పరీక్ష లాంటి రోజు వచ్చింది. సెప్టెంబర్‌లో ప్యార్ తుఫాను బంగాళాఖాతంలో ఉంది. 19న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. ముందు రోజు సాయంత్రం హైదరాబాద్ – విశాఖ విమానం నా టేబుల్ మీద ఉంది. లెక్క మామూలుగా ఇలా ఉంటుంది: గమ్యానికి కావలసిన ఇంధనం, దాని మీద 5 శాతం, అక్కడ దిగలేకపోతే ఆల్టర్నేట్ ఎయిర్‌పోర్టుకి వెళ్ళడానికి, ఆపైన 30 నిమిషాల చివరి నిల్వ. మామూలు రోజైతే భువనేశ్వర్‌ని ఆల్టర్నేట్‌గా పెట్టవచ్చు. కానీ ఆ తుఫాను నీడ అక్కడ కూడా ఉంది. అందుకని తిరిగి హైదరాబాద్‌నే ఆల్టర్నేట్‌గా పెట్టి, విశాఖ మీద కాసేపు తిరగడానికి కూడా కలిపి ఇంధనం వేశాను. బరువు హద్దు దాటుతుంది కనుక కార్గో దింపాలి. కమర్షియల్ వాళ్ళు ఫోన్‌లో గట్టిగానే అరిచారు. కెప్టెన్ ప్లాన్ చూసి ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టారు.

విమానం విశాఖ చేరేసరికి కుంభవృష్టి. అక్కడి ఎయిర్‌పోర్టు మన నౌకాదళానిదే, ఐ.ఎన్.ఎస్. డేగా. టవర్‌లో నేవీ వాళ్ళు రన్‌వే పరిస్థితి ఎప్పటికప్పుడు చెబుతూనే ఉన్నారు. ఒకసారి ప్రయత్నించి, రన్‌వే కనిపించక, పైకి లేచి తిరిగొచ్చేశారు. రాత్రి బేగంపేటలో దిగాక ప్రయాణికులు విసుక్కుంటూ ఇళ్ళకి వెళ్ళారు. ఆ విసుగు చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. విసుక్కోవడానికైనా మనిషి క్షేమంగా దిగాలి కదా!

తమ్ముళ్ళకి నాలుగు మాటలు

మా రోజుల్లో ప్రతి పెద్ద స్టేషన్‌లో డిస్పాచర్ ఉండేవాడు. ఇప్పుడు చాలా ఎయిర్‌లైన్స్ ఈ పనిని ఒకే కేంద్ర ఆఫీసుకి తెచ్చేశాయి. ఫ్లైట్ ప్లాన్ కంప్యూటర్ క్షణాల్లో తయారుచేస్తుంది, పైలట్లు టాబ్లెట్‌లో చూసుకుని బయల్దేరుతున్నారు. పోటీ కూడా సర్టిఫికెట్ల మధ్య కాదు, అనుభవాల మధ్య. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయినప్పుడు ఎంతోమంది అనుభవమున్న డిస్పాచర్లు రోడ్డున పడ్డారు. కొత్తగా వచ్చేవాడు నిలబడవలసింది వాళ్ళ పక్కనే.

అందుకని నా సలహా ఇది. ఒకటి, ఎవరికైనా ఫీజు కట్టేముందు "మీ సర్టిఫికెట్‌తో నాకు అప్రూవల్ పెట్టించే ఎయిర్‌లైన్ ఏది? కాగితం మీద రాసిస్తారా?" అని అడగండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి. రెండు, అమెరికా సర్టిఫికెట్ మంచిదే, కానీ అక్కడ పనిచేసే హక్కు లేకుండా దాంతో అక్కడ ఉద్యోగం రాదు. మూడు, లోడ్ కంట్రోల్, ర్యాంప్, ఆపరేషన్స్ అసిస్టెంట్ – ఏ చిన్న ఉద్యోగమైనా సరే, ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్ళండి. నాలుగు, మెట్, ఏ.టి.సి., ఆపరేషన్స్ ట్రేడుల్లో చేసినవాళ్ళు డిశ్చార్జ్ కాగితాల్లో ఆ అనుభవం వివరంగా రాయించుకోండి. "సార్జెంట్, 20 ఏళ్ళు" అంటే బయటివాళ్ళకి ఏమీ అర్థం కాదు. "రోజూ టాఫ్, మెటార్ చూసి పైలట్లకి బ్రీఫింగ్ ఇచ్చాను" అంటే అర్థమవుతుంది.

నా బ్యాచ్‌మేట్ సంగతి అడుగుతారేమో. ఆయన కూడా ఆ తర్వాత లోడ్ కంట్రోల్ దారిలోనే వచ్చి, రెండేళ్ళకి అప్రూవల్ తెచ్చుకున్నాడు. కట్టిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. మీ డబ్బు అలా పోకూడదన్నదే ఈ వ్యాసం ఉద్దేశం. సందేహాలున్నవారు సంఘం సమావేశంలో నన్ను కలవండి. చేతనైనంత చెబుతాను.

జై హింద్.