చౌక బైనాక్యులర్ కొనేముందు 400 ఏళ్ల కథ వినండి

ఈ ఎపిసోడ్ మా నాన్నగారి తలనొప్పితో మొదలుపెడతాను.

ఆయన రిటైరయ్యాక కొల్లేరు పక్కన ఆటపాకలో గూడబాతులు చూడాలని సరదా పడ్డారు. నేను ఆన్‌లైన్‌లో ఒక బైనాక్యులర్ కొనిచ్చాను. డబ్బా మీద 60×60 అని ఇంతేసి అంకెలు, ముందు అద్దాలు ఎర్రగా తళతళలాడుతున్నాయి, ధర వెయ్యి లోపే. బీటెక్ చదివినవాణ్ణి, పెద్ద నంబర్ చూసి పడిపోయాను. నాన్న రెండుసార్లు చూసి దాన్ని బీరువాలో పెట్టేశారు. ఏమైందని అడిగితే, "నా కళ్లే పోయినట్టున్నాయిరా, అన్నీ రెండు రెండుగా కనిపిస్తున్నాయి" అన్నారు. నాకు చెప్పకుండా కంటి డాక్టర్ దగ్గరికి కూడా వెళ్లొచ్చారట. కళ్లు బాగానే ఉన్నాయి. తేడా ఉన్నది బైనాక్యులర్‌లో.

అదేంటో తెలుసుకుందామని పాత కథలు తిరగేస్తే నాకు ఒక సంగతి అర్థమైంది. దీన్ని తయారుచేసినవాళ్లు ఎక్కువ తిప్పలు పడింది వస్తువుని పెద్దగా చూపించడానికి కాదు. రెండు గొట్టాల్ని ఒకే చూపుగా కలపడానికి, లోపలికొచ్చిన వెలుతురు దారిలో పోకుండా కంటిదాకా తేవడానికి.

1608కి వెళ్దాం. నెదర్లాండ్స్‌లో హాన్స్ లిపర్‌షే అనే కళ్లజోళ్ల తయారీదారుడు దూరదర్శిని పేటెంట్ కోసం అక్కడి ప్రభుత్వానికి అర్జీ పెట్టాడు. వాళ్లు చూసి, బాగానే ఉంది గానీ రెండు కళ్లతో చూసేలా చెయ్యమన్నారు. చేసిచ్చాడు కూడా. పేటెంట్ మాత్రం రాలేదు, ఈ విద్య ఇంకొందరికీ తెలుసని. అంటే టెలిస్కోప్ పుట్టిన ఏడాదే బైనాక్యులర్ కూడా పుట్టిందన్నమాట.

కానీ గెలీలియో పద్ధతి గొట్టాల్లో రెట్లు పెంచితే కనిపించే మేర బాగా ఇరుకైపోతుంది. అందుకే నాటకశాలల్లో వాడే ఒపేరా గ్లాసులు మూడు నాలుగు రెట్ల దగ్గరే ఆగిపోయాయి. కెప్లర్ పద్ధతిలో మేర పెరుగుతుంది గానీ బొమ్మ తలకిందులు. 1854లో ఇటలీవాడు ఇగ్నాజియో పోర్రో దీనికి దారి కనిపెట్టాడు. రెండు పట్టకాలు పెట్టి, వెలుతురుని నాలుగుసార్లు మళ్లించి, బొమ్మని నిలబెట్టాడు. గొట్టం కూడా పొట్టిదైంది. ఐడియా ఉంది, సరైన గాజు లేదు. జర్మనీలోని యెనాలో ఎర్న్‌స్ట్ ఆబ్బె, ఒట్టో షాట్ కలిసి మంచి గాజు తయారుచేశాక, 1894లో జైస్ కంపెనీ పట్టకాల బైనాక్యులర్‌ని అమ్మకానికి తెచ్చింది. మధ్యలో 40 ఏళ్లు!

ఆ గాజు విలువ మొదటి ప్రపంచ యుద్ధంలో తెలిసొచ్చింది. జర్మనీ సరుకు ఆగిపోయేసరికి అమెరికా నౌకాదళం తన జనాన్నే బైనాక్యులర్లు అరువడిగింది. ఒక్కోదానికి ఒక డాలర్ అద్దె.

ఇంకో చిక్కు, ప్రతిఫలనం. పూత లేని గాజు ఉపరితలం ఒక్కోటి సుమారు 4 శాతం వెలుతురుని వెనక్కి కొట్టేస్తుంది. దారిలో అలాంటివి 10 ఉంటే దాదాపు మూడో వంతు పోయినట్టే. 1935లో జైస్‌లో పనిచేసే అలెగ్జాండర్ స్మకులా దీనికి పల్చటి పూత కనిపెట్టాడు. కొన్నేళ్లపాటు దాన్ని సైనిక రహస్యంగా దాచారు.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ చౌక బైనాక్యులర్లని ప్రపంచమంతా పంపింది. నాణ్యత మీద చెడ్డపేరు రాకూడదని ఎగుమతికి ముందు తనిఖీ పెట్టారు. పాసైనవాటికి చిన్న స్టిక్కర్ అంటించేవాళ్లు. ఇప్పుడు మనం ఆన్‌లైన్‌లో కొనే చౌక వాటికి ఆ తనిఖీ మనమే చేసుకోవాలి.

ఒకటి, ముందు అద్దంలో ట్యూబ్‌లైట్ నీడ చూడండి. తెల్లగా కనిపిస్తే పూత లేనట్టు. లేత ఊదా, ఆకుపచ్చ అయితే ఉన్నట్టు. అద్దంలా ఎర్రగా మెరిసిందంటే అది షోకే, ఎరుపు వెలుతురుని బయటికి తోసేసి బొమ్మని పాలిపోయేలా చేస్తుంది.

రెండు, చెయ్యి చాపి పట్టుకుని, కంటివైపు అద్దంలోంచి ఆకాశాన్ని చూడండి. సూర్యుడి వైపు మాత్రం వద్దు. వెలుగు చుక్క గుండ్రంగా ఉండాలి. అంచులు కోసినట్టు పలకలుగా ఉంటే పట్టకాల గాజులో పొదుపు చేశారన్నమాట.

మూడు, నాన్న సమస్య ఇదే. దూరంగా ఉన్న డాబా పిట్టగోడని చూస్తూ బైనాక్యులర్‌ని నాలుగు అంగుళాలు ముందుకి జరపండి. గోడ గీత రెండు గొట్టాల్లోనూ ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే రెండు కళ్లూ ఆ తేడాని కలపడానికి పెనుగులాడతాయి. తలనొప్పి దాని బిల్లు.

నాలుగు, మెల్లగా ఊపండి, లోపల గలగలమనకూడదు. మధ్య కీలు బిగువుగా ఉండాలి, ఫోకస్ చక్రం తిప్పుతుంటే కంటి గొట్టాలు ఊగకూడదు.

ఇక ఆ 60 సంగతి. నిజంగా 60 రెట్లే అయితే చేతి వణుకు కూడా 60 రెట్లు. పైగా 60 మిల్లీమీటర్ల అద్దాన్ని 60తో భాగిస్తే కంట్లోకి వచ్చే వెలుగు చుక్క ఒక్క మిల్లీమీటరే. అదే 8×40 అయితే 5 మిల్లీమీటర్లు.

చివరికి మా ఇంటికి ఒక మామూలు 8×40 పోర్రో వచ్చింది. రేటు మూడింతలు ఎక్కువే, కానీ ఈ నాలుగు పరీక్షలూ పాసైంది. మొన్న చలికాలంలో ఆటపాక గట్టు మీద నాన్న చాలాసేపు కళ్లకి పెట్టుకునే ఉన్నారు. చెట్టు మీద గూడబాతు పిల్ల తల్లి గొంతు సంచిలోకి తల దూర్చి తింటోంది. ఆయన అన్నది ఒకటే మాట: "ఒరేయ్, ఒక్కటే కనిపిస్తోందిరా."

మీ ఇంట్లోనూ ఎవరైనా బైనాక్యులర్‌ని బీరువాలో పెట్టేసి వాళ్ల కళ్లనే తిట్టుకుంటున్నారేమో, ముందు పిట్టగోడ పరీక్ష చేసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.