కాయితాల్లో మనం - 6: కేడీ అన్న మాట, కోటేశు ఫైలు



గత భాగంలో స్కూలు అడ్మిషన్ రిజిస్టర్ల గురించి రాశాను. ఈసారి పోలీసు స్టేషను రిజిస్టర్లు.

"కేడీ" అనే మాట ఎక్కడిదని క్లాసులో అడిగితే పిల్లలు నాగార్జున సినిమా అంటారు. సినిమా కన్నా చాలా ముందే అది పోలీసుల మాట. మద్రాసు ప్రెసిడెన్సీ పోలీసులు కొందరి పేర్ల పక్కన "నోన్ డెప్రిడేటర్" అని రాసుకునేవాళ్లు. దోచుకునేవాడని ముందే తెలిసినవాడు అని అర్థం. దాన్ని కుదించి కె.డి. అన్నారు. రిజిస్టర్లో రెండక్షరాలుగా పుట్టిన రాత ఊరి నోట్లోకి దిగి తిట్టయింది. తిట్టిన వాళ్లెవరూ ఆ రిజిస్టరు చూడలేదు. అందులో పేరున్న వాళ్లకూ ఎవరూ చూపించలేదు.

ఇదంతా ఎవరి మీద మొదలైందో గుర్తు చేసుకోవాలి. 1871లో ఉత్తరాదిన వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. మన కృష్ణా జిల్లా అప్పుడు అందులోనే ఉంది. ఎరుకల వాళ్లను, కొన్నిచోట్ల యానాదులను తెగ పేరు మీదే రిజిస్టర్లో ఎక్కించారు. వేలిముద్రలు తీసుకున్నారు. వేళకు వచ్చి హాజరు వేయించుకోమన్నారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం, బెజవాడకు నదికి అవతల సీతానగరం సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంట్లు. నేరం చేశాక పేరు రాయడం ఒకటి, పుట్టగానే పేరు రాయడం మరొకటి. ఇక్కడ జరిగింది రెండోది.

ఫోటోకు చట్టం 1920లో వచ్చింది. ఖైదీల గుర్తింపు చట్టం అని దాని పేరు. కొలతలు, వేలిముద్రలు, ఫోటో తీసుకునే అధికారం అది ఇచ్చింది. వందేళ్ల తర్వాత, 2022లో, దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు కనుపాప, కంటి రెటీనా, సంతకం, చేతిరాత, శరీర నమూనాలు కూడా అందులో చేరాయి. ఇవి జాతీయ నేర రికార్డుల బ్యూరో దగ్గర 75 ఏళ్లు ఉంటాయి. మనలో సగం మంది అన్నేళ్లు బతకరు, ఫోటో మాత్రం బతుకుతుంది. పాత శిక్ష ఏదీ లేనివాడు నిర్దోషిగా బయటికొస్తే, అప్పీళ్లన్నీ ముగిశాక, కోర్టు వేరేగా చెప్పకపోతే వాటిని నాశనం చేయాలని అదే చట్టంలో ఉంది. కేసు కొట్టేశాక "నా ఫోటో తీసేశారా?" అని రాతపూర్వకంగా అడిగినవాళ్లు మీకు తెలిసి ఎంతమంది?

అమెరికా సంగతి ఇక్కడ చెప్పాలి. అక్కడ చాలా రాష్ట్రాల్లో కౌంటీ జైల్లో అడుగుపెట్టినవాడి ఫోటోను, అరెస్టు వివరాలను ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. దానివల్ల నష్టమూ జరిగింది. ఆ ఫోటోలు వెబ్‌సైట్లలో పెట్టి, తీసేయడానికి డబ్బు గుంజే వ్యాపారమే పుట్టింది. కేసు కొట్టేసినా ముఖం మిగిలిపోయి ఉద్యోగాలు రాని వాళ్లలో నల్లవాళ్లు ఎక్కువ. అయితే అదే దేశంలో ఇంకొకటి కూడా జరిగింది. 1956 ఫిబ్రవరిలో బస్సుల బహిష్కరణ ఉద్యమకారులను అరెస్టు చేసినప్పుడు అలబామాలోని మోంట్‌గోమరీ షెరిఫ్ ఆఫీసు తీసిన ఫోటోలు 2004లో బయటపడ్డాయి. రోజా పార్క్స్ మెడలో 7053, మార్టిన్ లూథర్ కింగ్ మెడలో 7089. కింగ్‌ను చంపిన తర్వాత ఎవరో ఆ ఫోటో మీద "చనిపోయాడు" అని రాసి తేదీ కూడా వేశారు. అవమానించడానికి తీసిన ఫోటో ఉద్యమానికి సాక్ష్యమైంది. ఆ చేతిరాత ఆ ఆఫీసు మనసుకు సాక్ష్యమైంది.

అంటే కాయితం తనంతట తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అది ఎటు తిరిగి ఉందన్నదే ప్రశ్న. మన వైపు తిరిగితే మన ముఖం కనిపిస్తుంది. రాసినవాడి వైపు తిప్పితే వాడి చెయ్యి కనిపిస్తుంది.

మన జిల్లాకొద్దాం. గుడివాడలోనో అవనిగడ్డలోనో సెల్‌ఫోను దొంగతనం కేసు పట్టుబడితే మర్నాడు జిల్లా పేజీలో ఫోటో వస్తుంది. ముందు బల్ల మీద ఫోన్లు, వెనక ముసుగులేసుకున్న పిల్లలు, వాళ్ల వెనక పోలీసులు. ముసుగున్నా పేటలో అందరికీ తెలుసు, చొక్కా చూసి గుర్తుపడతారు. ఇప్పుడు 1968కి వెళ్లండి. అప్పటి కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే మాదిగ పాలేరుకు దొంగతనం అంటగట్టి సజీవంగా తగలబెట్టారు. దొంగ అన్న మాట ఒక్కటే చాలింది, కోర్టు అక్కర్లేకపోయింది. కోటేశు దళిత కవిత్వంలో బతికే ఉన్నాడు. నేను కవిత్వం చెప్పేవాణ్ణే కాబట్టి ఈ మాట అనగలను: కవిత్వం చాలదు. ఎఫ్.ఐ.ఆర్. ఎన్ని గంటలకు రాశారు, అందులో ఎవరి పేర్లున్నాయి, ఎవర్ని ఎన్ని రోజులకు అరెస్టు చేశారు, ఎప్పుడు బెయిలొచ్చింది? ఈ నాలుగు ప్రశ్నలకు పద్యం జవాబివ్వదు, రిజిస్టరు ఇస్తుంది.

మన పిల్లవాడి విషయంలోనూ కావలసింది ఆ గంటలే. ఎత్తుకెళ్లింది ఎప్పుడు, అరెస్టు చూపించింది ఎప్పుడు? రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు పెట్టాలి. అబద్ధం దాక్కునేది ఆ సందులోనే.

ఇక సమాచార హక్కు. 2005 చట్టంలో 8వ సెక్షన్ చూపించి స్టేషన్లు తలుపేస్తాయి. దర్యాప్తుకు అడ్డమని 8(1)(హెచ్), వ్యక్తిగతమని 8(1)(జె). దర్యాప్తు నడుస్తోందని ఊరికే చెబితే సరిపోదు, సమాచారం ఇస్తే అది ఎలా దెబ్బతింటుందో చెప్పాలని ఢిల్లీ హైకోర్టు 2007లోనే భగత్ సింగ్ కేసులో అంది. వ్యక్తిగత సమాచారం క్లాజును 2023 డేటా రక్షణ చట్టం మరింత బిగించింది. ప్రజాహితం కోసం ఇవ్వొచ్చనే మాటను ఆ క్లాజులోంచి తీసేశారు. 8(2)లో ప్రజాహితం ఇంకా ఉంది, దాన్ని పట్టుకోండి.

చరిత్ర విద్యార్థులకు అసలు తాళంచెవి మాత్రం 8(3). సంఘటన జరిగి 20 ఏళ్లు దాటితే సమాచారం ఇవ్వాల్సిందే. దేశభద్రత, చట్టసభల హక్కులు, మంత్రివర్గ పత్రాలు, ఈ మూడే మినహాయింపు. దర్యాప్తు, వ్యక్తిగతం అన్న సాకులు ఆ మూడింటిలో లేవు. 1968 కంచికచర్ల, 1985 కారంచేడు, 1991 చుండూరు, మూడూ ఆ గీత దాటాయి. చుండూరు ఎక్కడో లేదు, దివిసీమకు కృష్ణ అవతలి గట్టు వైపే. ఎనిమిది మందిని చంపిన ఆ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. తీర్పులు చదివాం. స్టేషను కాయితాలు చదివామా?

ఎలా అడగాలంటే:

సంఘటన ఏ జిల్లాదైతే ఆ జిల్లా పోలీసు కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి రాయండి. మన జిల్లాకైతే మచిలీపట్నం. ఫీజు 10 రూపాయలు, తెల్లకార్డు వాళ్లకు లేదు. "అన్ని వివరాలూ ఇవ్వండి" అనకండి. సంవత్సరం, స్టేషను, క్రైం నంబరు రాయండి. ఎఫ్.ఐ.ఆర్., ఛార్జిషీటు, ఆ రోజుల స్టేషను జనరల్ డైరీ పేజీలు, రిమాండు రిపోర్టు అడగండి. అరెస్టు మెమో డి.కె. బసు కేసులో 1996 డిసెంబరు తీర్పుతో తప్పనిసరైంది కాబట్టి అంతకు ముందు వాటికి డైరీయే ఆధారం. 2(జె) కింద స్వయంగా వచ్చి చూసి నోట్సు రాసుకుంటామని కూడా చేర్చండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు, అదీ కాకపోతే సమాచార కమిషన్. 1953కు ముందువాటికి చెన్నై ఎగ్మోరులోని తమిళనాడు ఆర్కైవ్స్ వెళ్లాలి.

నేనిలా వేసిన ఒక దరఖాస్తుకు ఒక ఆఫీసు నుంచి "రికార్డు లభ్యం కాలేదు" అని ఒకే వాక్యం వచ్చింది. దాన్ని జవాబనుకోకండి. లేదని చెప్పి చేతులు దులుపుకోవడం కుదరదు, వెతకాలి, అవసరమైతే విచారణ జరిపించాలని ఢిల్లీ హైకోర్టు 2013లో భంబూర్కర్ కేసులో చెప్పింది. నాశనం చేశామంటే ఏ తేదీన, ఎవరి ఉత్తర్వు మీద అని మళ్లీ అడగండి. ఆ ఉత్తర్వూ చరిత్రే. తొందర ఎందుకంటే 20 ఏళ్లకు చట్టం తలుపు తీసే లోపు చెదలూ గడువు నిబంధనలూ బీరువా ఖాళీ చేస్తాయి.

ఒక హెచ్చరిక. నిందితుల ఫోటోలు అడిగి వాట్సప్‌లో తిప్పే పని మనం చేయొద్దు, మన మీద నేరం చేసినవాడి ఫోటో అయినా సరే. ముఖం చూసి నేరం తేల్చడం వాళ్లు మనకు చేసింది. అమాయకుణ్ణి కేడీని చేసిన పనిముట్టు అదే. బాధితురాళ్ల పేర్లు ఏ కాయితంలో కనిపించినా కొట్టేసి చూపించండి.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు రిజిస్టర్లలో కులం కాలమ్ తీసేయమంది. మంచిదే, తీసేయాలి. కానీ పాత రిజిస్టర్లను చింపనివ్వొద్దు. ఎవరిని ఏ కులం పేరుతో ఎన్నాళ్లు లోపల కూర్చోబెట్టారో లెక్క తేల్చేది ఆ కాలమే. మన తాతల పేర్ల ఎదురుగా వాళ్లు రాసుకున్నది వాళ్ల మీదే సాక్ష్యం చెబుతుంది, మనం వెళ్లి అడిగితే.

ఈ నెలలో ప్రతి కాలేజీ నుంచి ఒక దరఖాస్తు వేయండి. రసీదు దాచుకోండి. వచ్చే భాగంలో కోర్టు నకళ్ల గురించి రాస్తాను.

జై భీమ్.